దానియేలు లేని వంత

బుడమేరు పొంగి బెజవాడ సగం నీళ్ళలో నానిన ఏడు అది. వరద తగ్గి నాలుగు నెలలయింది. మిరప కోతల రోజులు.

నేను ఒక బుర్రకథ తంబురను. నూజివీడులో వీణకు పనికిరాదని పక్కన పడేసిన పనస దుంగను తొలిచి నన్ను చేశారు. నా మొదటి యజమాని నన్ను భుజాన వేసుకుని ఊరూరా కుటుంబ నియంత్రణ కథ చెప్పాడు. ఆయనకు తొమ్మిదిమంది పిల్లలు. వాళ్ళలో ఒక్కరూ నన్ను ముట్టుకోలేదు. చివరికి శిష్యుడు వీరాస్వామి చేతికి వచ్చాను. నలభై ఏళ్ళుగా అతని భుజమే నా చోటు.

వీరాస్వామి కథ చెబుతాడు. పక్కన దానియేలు గుమ్మెట కొడుతూ వంత పాడతాడు. కథకుడు పాట వదిలిన చోట వంత అందుకోవాలి. అందుకోకపోతే కథ కింద పడుతుంది. రెండో వంత కరోనాలో పోయాడు, వీళ్ళిద్దరే మిగిలారు. చుట్టరికం లేదు, అయినా బావా అంటే బావా అనుకుంటారు. వీరాస్వామికి మాటలన్నీ కథలోనే. కథ అయిందంటే నోరు మూసేస్తాడు.

ఆ చలికాలం హైదరాబాదు నుంచి తన్మయి అనే అమ్మాయి వచ్చింది. కంప్యూటర్‌తో సంగీతం చేస్తుంది. దానికి పాటలు వినిపిస్తే తనంతట తానే కొత్త పాట పుట్టిస్తుందట. బెజవాడలో గోడలకు దుప్పట్లు కట్టిన గదిలో మూడు రోజులు దానియేలు చేత వంత పాడించింది. నా తీగ కూడా మీటించింది. కంప్యూటర్ నా మోతను సాగదీసి గంట చేసింది, రైలు చేసింది, రేకుల మీద వాన చేసింది. నిజం చెప్పొద్దూ, నాకు గర్వం వచ్చింది. వీణ కాలేకపోయిన చెక్కను కదా!

నాలుగో రోజు తన్మయి వీరాస్వామిని ఒక్కణ్ణే కూర్చోబెట్టి చెప్పింది. త్వరలో బెజవాడ హాల్లోనే ఆట. వేదిక మీద కథకుడు ఒక్కడే. వంత కంప్యూటర్‌ది.

"మీరేం పాడతారో దానికి ముందు తెలీదు. అదేం అందుకుంటుందో మీకూ తెలీదు. ప్రయోగం అదే తాతగారూ. దానియేలు తాతగారికి నేను చెప్పనా?"

"నేను చెబుతాలే."

చెప్పలేదు. తిరుగు బస్సులో దానియేలు అడిగాడు.

"బావా, ఎర్రంగీ వేద్దామా, పచ్చదా?"

"ఏదైనా ఒకటే."

వారం తర్వాత తన్మయి ఫోను చేసి, "చెప్పారా?" అంది. "ఊఁ" అన్నాడు. నేను పక్కనే గోడకు వేలాడుతున్నాను.

ఆట రోజు వీరాస్వామి నన్ను తీసుకుని పొద్దున్నే ఒక్కడే బయల్దేరాడు. సాయంత్రం దానియేలు పచ్చంగీ తొడిగి, గజ్జెలు కట్టి, గుమ్మెట చంకన పెట్టుకుని బెజవాడ హాలుకు వచ్చాడు. వేదిక మెట్ల దగ్గర ఒకాయన కాగితం చూసి, "మీ పేరు లేదు పెద్దాయనా" అన్నాడు.

దానియేలు నవ్వాడు. "నా పేరుండదయ్యా, వంతోణ్ణి. బావ పేరుంటే నేనున్నట్టే."

ఆయన మర్యాదగానే ముందు వరసలో కుర్చీ చూపించాడు. వేదిక మీద నుంచి వీరాస్వామి చూశాడు. తల దించుకుని నన్ను మీటాడు.

మొదటి చరణం వదిలాడు. స్పీకరు పెట్టెల్లోంచి దానియేలు గొంతు అందుకుంది. దగ్గు లేని గొంతు. కుర్చీలో దానియేలు పెట్టె వంక చూశాడు, తర్వాత మా వంక చూశాడు. రెండో చరణం వదలగానే నలభై ఏళ్ళ అలవాటు, ఆయన నోరు దానంతటదే తెరుచుకుంది. చెయ్యి గుమ్మెట మీద పడింది. హాల్లో కట్టిన మైకులు పట్టుకున్నాయి. కంప్యూటర్ ఆ కేకను పదిమంది దానియేళ్ళను చేసి తిరిగి వదిలింది. అదీ ఆటలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు.

దానియేలు అరచేత్తో గుమ్మెట నోరు నొక్కి లేచాడు. నడిచి వెళ్ళిపోతుంటే కాలి గజ్జెలు మోగాయి. మెల్లగా అడుగు వేసినా మోగాయి. కంప్యూటర్ వాటినీ అందుకుని పాటలో కలిపేసింది. జనం ఇంకా మెచ్చుకున్నారు.

వీరాస్వామి ఆపలేదు. నా తీగ తెగినా బాగుండేది. తెగలేదు. పుట్టాక అంత బాగా నేనెప్పుడూ మోగలేదు.

"చెప్పానన్నారు కదా తాతగారూ?" అంది తన్మయి తర్వాత. వీరాస్వామి తనకు కప్పిన శాలువా తీసి కుర్చీ మీద పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే నన్ను భుజాన వేసుకుని దానియేలు ఇంటికి వెళ్ళాడు. వాకిట్లో మరియమ్మ, దానియేలు భార్య, చీపురు ఆపకుండానే మాట్లాడింది.

"కోతకెళ్ళాడు అన్నయ్యా. నీకైతే శాలువాలొస్తాయి, మాకెవరిస్తారు?"

చేలో ఆడవాళ్ళ మధ్య దానియేలు వంగి కాయలు కోస్తున్నాడు. నడుం ఎత్తకుండానే అన్నాడు.

"ఏం బావా, నీ మిషను కాయలు కొయ్యదంటా?"

ఆడవాళ్ళు నవ్వారు. వీరాస్వామి నిలబడ్డాడు. గట్టు మీంచే అన్నాడు.

"నీకు చెప్పాల్సింది. చెప్పలేదు."

"తెలిసిందిగా."

వీరాస్వామి నన్ను గట్టు మీద పెట్టి, పంచె ఎగ్గట్టి, దానియేలు పక్క సాలులోకి దిగాడు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా కోశాడు. అతను కాయలు గోతంలో పోయడానికి దానియేలు రెండుసార్లు దాని మూతి తెరిచి పట్టుకున్నాడు, అంతే.

నేను ఎండలో ఉన్నాను. నన్నెవరూ అడగలేదు. అడిగినా ఆ రోజు మోగేదాన్ని కాదు.