పితికినపప్పు పాఠం

నానిన అనపగింజను వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే పొట్టు చేతిలో ఉండిపోయి పప్పు గిన్నెలోకి జారాలి. అనసూయ నొక్కితే పప్పు పోయి ఎదుటిగోడకు తగిలేది. పెళ్ళయి నెల తిరగని కోడలి ఈ విద్య చూసి అత్త మునివెంకటమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"బీయేలో ఇదొకటి నేర్పియ్యలేదామ్మా?"

"నేర్పివుంటే ఫస్టు క్లాసు వచ్చేది కాదత్తా."

అనసూయ పనిచేసే ఆడపిల్లల హైస్కూల్లో పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆదివారం కొందరు పిల్లల్ని ఇంటికి పిలిచి పౌరశాస్త్రం మళ్ళీ చదివిస్తానంటే, "రమ్మను. పాఠం నోటితో కదా, చేతులు ఖాళీనే. మాపటికి పితికినపప్పు పులుసు కావల్ల" అంది అత్త. పడసాలలో గింజల తట్ట చుట్టూ పిల్లలు చేరారు. అనసూయకు ఎంత ముచ్చటేసిందో. ఈ మధ్య ఆమెకు అన్నీ ముచ్చటగానే ఉంటున్నాయి. భర్త వెంకటరమణ తన దువ్వెన వదిలి ఆమె దువ్వెనతోనే తల దువ్వుకోవడం, చేతికంటిన అనపకాయల నూనెవాసన, పొద్దున వాకిట్లో చెప్పులేసుకుంటూ అతను, "మా నాయన మాటలు మనసులో పెట్టుకోవద్దులే" అని గొణగడం కూడా.

పెట్టుకోకపోతే ఎలా? నిన్న భోంచేస్తూ మామ శ్రీనివాసప్ప, "ఈ పరీక్షలతో బడి చాలమ్మా. ఇంట్లో పని ఉండాది కదా" అన్నాడు. గొంతయినా పెంచలేదు. అంత మెత్తగా అన్న మాటను కాదనడం ఎలాగో కూడా బీయేలో నేర్పలేదు.

"సంఘంలో పనిచేసేవారెవరు, ఆధారపడినవారెవరు?" అని అడిగింది అనసూయ. స్వరాజ్యం వచ్చినా పుస్తకం పాతదే.

రత్నమ్మ గడగడా అప్పజెప్పింది. "రైతు, నేతగాడు, కూలీ, గుమాస్తా పనిచేసేవారు. పసివాళ్ళు, ముసలివాళ్ళు, రోగులు, ఇంటి ఆడవాళ్ళు ఆధారపడినవారు."

కబ్బన్‌పేట నేతగాళ్ళ పిల్ల సుశీల గింజ పితకడం ఆపింది. "మా నాయన మగ్గంలో కూకోవల్లంటే ముందు మా అమ్మ కండెలకు నూలు చుట్టల్ల టీచర్. ఆయమ్మ ఎందులోకి వస్తాది?"

"ఆధారపడినవారిలోకి. అట్లే రాయండి, లేకుంటే మార్కులు పోతాయి" అంది అనసూయ అలవాటుగా.

అత్త చేతులు ఆగాయి. పొద్దుటి నుంచీ నీళ్ళలో నాని వేలికొసలు ముడతలు పడివున్నాయి.

"అట్లయితే నేను ఇన్నేండ్లు ఊరికే కూకొని తిన్నాననేనా?" ఆ గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగింది.

"పుస్తకంలో అలా ఉందత్తా."

"పుస్తకం మాట ఉండనీ. నువ్వేమంటావు?"

"ఇంట్లో పని ఉండాది." మామ నిన్నటి మాట అనసూయ చెవిలో మళ్ళీ వినిపించింది. తనను బడి మాన్పించాలంటే అది పని. అదే పని ఇన్నేళ్ళుగా చేసిన మనిషిని లెక్కలోకి తీసుకోవాలంటే మాత్రం పని కాదు. ఈ తిరకాసును తానే పిల్లల చేత వల్లె వేయిస్తోంది, అదీ అత్త పితికిన పప్పు పక్కన కూర్చుని.

"పుస్తకం తప్పు. నేను చెప్పిందీ తప్పే" అంది. "సుశీలా, మీ అమ్మను పనిచేసేవాళ్ళలోనే రాయి. దిద్దేవాళ్ళు మార్కులు తగ్గిస్తే నేను పోయి అడుగుతాను."

"పరీక్షలయినాక మీరు రారంట కదా టీచర్?" అడిగింది సుశీల.

లోపలిగదిలో మామ పేపరు తిప్పుతున్న చప్పుడు నిలిచిపోయింది. అనసూయ ఇంకో గింజ తీసుకుంది.

"వస్తాను" అంది, ఆ గదికి వినపడేంత గట్టిగా. "పై ఏడు కూడా వస్తాను."

లోపలినుంచి మామ గొంతు వినిపించింది. "ఏమే, కాఫీ."

అత్త లేవలేదు. తట్టను కోడలి వైపు కొంచెం జరిపి, తన చేతినిండా గింజలు తీసుకుంది.

"కాసేపు తాళండి" అంది. "పనిలో ఉండాను."