చిటికెన వేలు

"ట్యాబే తీస్కో," అన్నాడు భర్త రాఘవేందర్. విద్యావతి మాడిన పాలగిన్నె తోముతోంది. "పెద్దగుంటది. అమ్మ ప్రవచనాలు చూస్తది. పిల్లగాడు చదువుకుంటడు. నీ మెయిల్ కూడా వస్తది."

నీ మెయిల్ కూడా. ఆమె గిన్నె మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఆమె పనిచేసేది నారాయణగూడలో, లిఫ్టులు బాగుచేసే కంపెనీలో. ఇన్నాళ్లూ కుర్చీలో కూర్చుని ఫిర్యాదులు రాసుకుంది. ఇప్పుడు లిఫ్టులు ఉన్న చోటికే పంపుతున్నారు. దారిలో మెయిల్ చూసుకోవడానికి ఫోనో ట్యాబో కంపెనీయే ఇప్పిస్తుంది. ఏది కావాలన్నది మీ ఇష్టం అన్నారు.

ఇప్పుడున్న ఫోన్ ఆమెదే, పేరుకు. గ్యాస్ బుకింగ్ దాంట్లో. బడి కబుర్లు దాంట్లో. అత్తగారు సత్తవ్వ బీపీ డాక్టరు దాంట్లో. ఎవరికి కావలిస్తే వాళ్లు తీసుకుంటారు. పోయిన నెల మేనేజరు సుందరరావు గారు వరంగల్ వెళ్లి పని చూసి రమ్మని మెయిల్ పెట్టారు. ఆమె డాబా మీద బట్టలు ఆరేస్తోంది. రాఘవేందర్ ఆ మెయిల్ చూసి, ఒంట్లో బాగాలేదు, రాలేను అని ఆమె పేరుతో జవాబు పెట్టేశాడు. మర్నాడు "జ్వరం తగ్గిందా అమ్మా?" అని సుందరరావు గారు అడిగితే, తగ్గిందండి అన్నది. ఇంకేం చెప్తుంది? ఇంటికొచ్చి అడిగితే, "నువ్వెట్లాగూ పోవు గదా, నీ పని తక్కువ చేసిన," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కూరలో ఉప్పు చూసినంత మామూలుగా అన్నాడు. ఇంకోసారి రానంటే ఆ పని వేరేవాళ్లకు పోతుంది. అది ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం షాపులో శ్రీదివ్య అనే అమ్మాయి రెండూ ముందు పెట్టింది.

"మెయిల్‌కే అయితే ఫోన్ మంచిదక్కా. బస్సుల నిలబడి ఒక చేత్తోని చూడొచ్చు. ట్యాబ్ ఇంట్ల పెట్టి పోతరు. ఆడోళ్లంత గట్లనే జేస్తరు."

విద్యావతి ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"లాక్‌కు వేలు పెట్టుండ్రి."

బొటనవేలు పెట్టింది. గుర్తుపట్టలేదు. చూపుడు వేలు. అదీ లేదు. శ్రీదివ్య ఆమె చెయ్యి తిప్పి చూసింది.

"గిన్నెలు మీరే తోముతరా అక్కా? మా అమ్మది గూడ ఇంతే. గీతలు అరిగినయ్. రేషన్ మిషిన్ కాడ రోజంత పరేషాన్."

ఎడమ చిటికెన వేలు పెట్టేసరికి తెర తెరుచుకుంది. విద్యావతి ఆ వేలిని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. ఎందుకూ పనికిరాదనుకున్న వేలు. దాని మీద గీతలు సన్నగా, చుట్లు చుట్లుగా, ఇప్పుడే వేసిన ముగ్గులా ఉన్నాయి. ఇన్నేళ్లూ తనకింత అందమైన గుర్తు ఉందా అనుకుంది.

ఫ్లైఓవర్ కింద ఆటో ఎక్కుతుంటే మొదటి మెయిల్ వచ్చింది. అశోక్ నగర్ హాస్టల్‌లో లిఫ్టు ఆగింది, లోపల ఎవరూ లేరు, కాలిన తీగ మార్చమంటారా అని మెకానిక్ బాలకిషన్. ఫోటో కూడా పంపాడు. ఆమె దాన్ని పెద్దది చేసి చూసి, మార్చండి అని రాసింది. చుట్టూ హారన్లు.

ఆమె ఆ హాస్టల్ ముందు ఆటో దిగేసరికి లిఫ్టు నడుస్తోంది. పుస్తకాల సంచులతో ఆడపిల్లలు ఎక్కారు. తలుపు మూసుకుంది. విద్యావతి తలెత్తి చూస్తూ ఉండిపోయింది. తనకంటే ముందే తన మాట ఇక్కడికి వచ్చింది. అంత బరువూ ఆ మాటకు పైకి లేచింది.

సాయంత్రం చిక్కడపల్లి ఇంట్లో రాఘవేందర్ ఫోన్‌ను అటూ ఇటూ తిప్పాడు.

"గింత చిన్నదేంది? తెరుచుకుంటనే లేదు. ఏ వేలు?"

"నాది."

"నాది గూడ పెట్టు. అవసరానికుంటది."

"వద్దు."

"మొగనికి తెల్వని తాళముంటదా బిడ్డా?" అన్నది సత్తవ్వ.

అప్పుడే ఫోన్‌లో మెయిల్ వచ్చిన చప్పుడైంది. తెర మీద సుందరరావు గారి పేరు. ఇద్దరూ ఫోన్ వైపు చూశారు. తర్వాత, వేరే దారి లేక, ఆమె వైపు చూశారు.

విద్యావతి దాన్ని తీసుకుని డాబా మీదికి వెళ్లింది. సోమవారం వరంగల్ వెళ్లగలరా అని అడిగారు. ఇంట్లో అడిగి చెప్తాను అనడం ఆమెకు అలవాటు. వెళ్తానని రాసింది. పంపింది.

తర్వాత మెట్లు దిగి ఇంట్లో చెప్పింది.