చప్పుడు చెయ్యని వంట

బిస్కెట్లను కొట్టకూడదు, నలపాలి. ఆమె వాటిని పాత దిండు గలీబులో పోసి, మూతి మడిచి, పైన అప్పడాల కర్ర ఆనించి, ఒంటి బరువంతా మోచేతుల మీదుగా దించుతోంది. లోపల బిస్కెట్లు ఒక్కొక్కటే లొంగిపోతున్నాయి. దూరంగా ఎవరో ఎండుటాకుల మీద నడుస్తున్నంత చప్పుడు. అంతకు మించి రానివ్వదు.

నిజానికి భర్త ఇంకా ఇంటికే రాలేదు. ఇప్పుడు దబదబా బాదినా అడిగేవాళ్లు లేరు. కానీ చేతులు మాట వినవు. ముప్ఫై ఏళ్ల అలవాటు.

ఆయన ఒక ఆఫీసు భవనానికి రాత్రి వాచ్‌మన్. లోకమంతా లేచేవేళకు వచ్చి పడుకుంటాడు. అందుకని ఆ ఇంటికి పగలే రాత్రి. తలుపు బందులకు నూనె, కుర్చీ కాళ్లకు గుడ్డపీలికలు, కాలింగ్ బెల్లు లోపల దూది. ఆమె బట్టలు కుడుతుంది. కుట్టుమిషను ఆయన డ్యూటీకి వెళ్లాకే తిరుగుతుంది, పగలంతా చేతి పని: హుక్కులు, కాజాలు, అంచులు. ఇంటి చెక్క నేల మీద ఎక్కడ కాలు వేస్తే పలక కిర్రుమంటుందో కళ్లు మూసుకుని చెప్పగలదు.

మొదట్లో ఇలా లేదు. కూతురు పసిగుడ్డుగా ఉన్న రోజుల్లో దాని ఏడుపుకు ఆయనకు పగలు కంటిమీద కునుకుండేది కాదు. ఒక రాత్రి గేటు దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. తెల్లారేసరికి ఉద్యోగం లేదు. ఆయన ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఆ మౌనమే ఆమె గుండెలో ముల్లై ఉండిపోయింది. మళ్లీ ఉద్యోగం దొరికిన రోజున కాలింగ్ బెల్లు విప్పి దూది కుక్కింది తనే. కూతురు ఏడవడం కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నేర్చుకుంది. ఇప్పుడు దాని ఇంట్లో ఇద్దరు పిల్లలు పెట్టే గోలకు ఫోన్లో మాట వినపడదు. "అరవనీయమ్మా, నా వంతు కూడా వాళ్లే అరుస్తున్నారు" అంటుంది.

ఈ బిస్కెట్ల వంట కూడా ఆ డ్యూటీ పుణ్యమే. ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజట, మిగిలిన ముక్క ఒకటి ఆయన కాగితంలో చుట్టి తెచ్చాడు. పైన తెల్లటి క్రీము, అరటిపండు చక్రాలు, అడుగున బిస్కెట్ల పొడితో చేసిన గట్టి పెంకు. "అందరూ పైది నాకేసి అడుగు వదిలేశారే! పైదంతా ఆర్భాటం. సరుకంతా అడుగునే ఉంది" అన్నాడు. అప్పటినుంచి ఆయనకు ఆ పెంకంటే ప్రాణం. ఆమెకూ నచ్చింది. పొయ్యి ఎక్కదు, మిక్సీ తిరగదు. చల్లటి చోట పెట్టి వదిలేస్తే తనంతట తనే బిగుసుకుంటుంది. తొందరపడి తీస్తే ఇసుకలా రాలిపోతుంది. కదపకుండా వదిలెయ్యడమే అందులో అసలు పనితనం. అది ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

వేడినీళ్ల గిన్నె మీద కరిగించిన వెన్నను పొడిలో పోసింది. రెండు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు. కలిపి, పిడికిట్లో నొక్కి చూసింది. ముద్ద నిలిచింది. పళ్లెంలోకి వంచి, స్టీలు గ్లాసు అడుగుతో మధ్య నుంచి అంచులకు అదుముతూ వస్తోంది.

తలుపు నూనె రాసిన మెత్తదనంతో తెరుచుకుంది. ఆయన టార్చిలైటును ఎప్పటిలాగే గుమ్మం పక్కన నిలబెట్టి లోపలికి వచ్చాడు.

"ఏంటి, ఇవాళ మన వంటేనా?"

ఆమె తలెత్తింది. గ్లాసు ఆగిపోయింది.

"ఏమండీ, ఆ చొక్కా ఏమిటి అలా తడిసిపోయింది? ఇంత చలిలో!"

"కాస్త వడివడిగా నడిచొచ్చాలే." కుడిచేత్తో ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు.

"భుజానికేమైంది?"

"రాత్రంతా కుర్చీలో వంకరగా కూర్చున్నా. పట్టేసింది."

"డాక్టరుకి చూపిద్దాం. ఇప్పుడే. చీర మార్చుకొస్తా, ఉండండి."

"ఇప్పుడెళ్తే నేను పడుకునేదెప్పుడే? రాత్రి గేటు దగ్గర గురక పెట్టమంటావా? ఆ ముచ్చట ఒకసారి తీరిందిగా. సాయంత్రం లేచాక వెళ్దాంలే."

ఆమె గ్లాసు మళ్లీ పళ్లెంలో ఆనించింది.

ఆయన పళ్లెం మీదికి వంగి, ఒక చిటికెడు పొడి నోట్లో వేసుకుని, బొటనవేలితో అంచును గట్టిగా ఒత్తాడు.

"అయ్యో, అంచు పాడుచేశారు!"

"పాడు కాదే, రిజిస్ట్రేషను. ఈ ముక్క నాది. పక్కింటావిడకి పొరపాటున కూడా ఇవ్వకు."

ఆమె నవ్వింది, కానీ కళ్లు ఆయన మెడ మీది చెమట మీదే ఉన్నాయి.

గది తలుపు దగ్గర ఆగి, "లేపకు" అన్నాడు.

"నేనెప్పుడు లేపాను?"

"మరి మొన్నామధ్య ముక్కు కింద వేలెవరు పెట్టారు?"

తలుపు మూసుకుంది. ఆమె పళ్లెం దగ్గరికి వచ్చింది. అంచు సరిచేద్దామని గ్లాసు ఎత్తి, మళ్లీ దించేసింది. ఉండనీ. పళ్లేన్ని అలాగే ఫ్రిజ్‌లో పెట్టింది.

మధ్యాహ్నం పక్కింటావిడ వచ్చింది. ఆవిడ తలుపు తట్టదు, గోటితో గీకుతుంది.

"వదినా, ఈ జాకెట్టుకి హుక్కులు ఊడాయి." గుసగుస. "మీ ఇంట్లో దొంగలు పడ్డా చెప్పులు విప్పి రావాలమ్మా."

"మెల్లగా!"

"ఇంతకంటే మెల్లగా అంటే సైగలే చెయ్యాలి. ఏంటి, మొహం అలా ఉంది?"

ఆమె చెప్పింది. చెమట, భుజం. చెబుతుంటే తన మాటలు తనకే వేరేగా వినపడ్డాయి.

"ఒకసారి చూసి రారాదూ?"

"లేస్తే?"

"లేస్తే లేస్తాడు వదినా! కొంప మునుగుతుందా?"

మునిగింది ఒకసారి. అది ఆవిడకు తెలియదు. "కీడెంచి మేలెంచాలంటారు. నేను కీడెంచడం దగ్గరే ఆగిపోతా. నాదంతా చాదస్తం" అని ఆమె తనే తేల్చేసి, జాకెట్టు అందుకుంది.

ఆవిడ వెళ్లాక సూదిలో దారం ఎక్కించింది. ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఆ ఇంట్లో నోరు చేసుకునే హక్కు దానికొక్కదానికే ఉంది. రెండో హుక్కు కుడుతుండగా అది గడగడా వణికి ఆగింది.

అప్పుడు తెలిసింది, గురక లేదు.

ఎప్పుడు ఆగింది? ఫ్రిజ్ మోత వెనక ఉందనుకుంది. ఉందా? అసలు పొద్దుటి నుంచీ ఉందా? జాకెట్టు పక్కన పెట్టి లేచింది. కిర్రుమనే పలకలు తప్పించుకుంటూ తలుపు దాకా నడిచి, గడియ మీద చెయ్యి వేసింది.

పోయిన నెల ఇలాగే వెళ్లింది. ఆయన ఊపిరి అందుతోందో లేదోనని ముక్కు కింద వేలు పెట్టింది. ఆయన ఉలిక్కిపడి లేచి, "ఉన్నానే తల్లీ, ఇంకా ఉన్నాను! పోతే నీకు చెప్పే పోతాలే, పడుకోనీ" అని నవ్వాడు. కానీ మళ్లీ నిద్ర పట్టలేదు. ఎర్రటి కళ్లతో డ్యూటీకి వెళ్లి, మెట్ల మీద తూలి పడబోయాడట. ఆ రోజే ఒట్టు పెట్టుకుంది, ఇంకెప్పుడూ లేపనని.

గోడవైపు తిరిగి పడుకుంటే గురక రాదు. అవును, రాదు. తడిసిన చొక్కాతో కాస్త జలుబు చేసినా రాదు. ఇలా చెప్పుకుంటూ చెయ్యి వెనక్కి తీసుకుంది. వెనక్కి వచ్చి కూర్చుని మిగిలిన హుక్కులు కుట్టింది. అన్నీ వంకర. విప్పి మళ్లీ కుట్టింది. మధ్యలో ఒకసారి ఫ్రిజ్ తెరిచి పెంకును వేలితో తాకింది. సగం బిగిసింది. ఇంకా కదపకూడదు.

ఎండ కిటికీ దిగి గోడ మొదట్లోకి చేరింది. ఆయన లేచే వేళ. ఆయన్ని ఆమె పేరు పెట్టి లేపదు, తట్టి లేపదు. టీ గ్లాసులో చెంచా తిప్పుతుంది. ఆ చిన్న చప్పుడుకే లోపల మంచం కిర్రుమంటుంది, "ఆఁ, వస్తున్నా" అని వినపడుతుంది. ఆ ఇంట్లో రోజూ తెల్లారేది అలాగే.

టీ పెట్టింది. చెంచా తిప్పింది. ఆగి విన్నది.

మళ్లీ తిప్పింది. కాస్త గట్టిగా. చెంచాతో గ్లాసు అంచు మీద కొట్టింది, ఒకటి, రెండు. టీ ఒలికి చెయ్యి కాలింది. గ్లాసు పక్కన పెట్టేసి, పొద్దున మిగిలిన బిస్కెట్లున్న గలీబును బండ మీద వేసింది. అప్పడాల కర్ర రెండు చేతులా పైకెత్తింది.

కొట్టింది.

ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఆ ఇల్లు అదిరింది. అలమారలో గిన్నెలు గణగణమన్నాయి. మళ్లీ కొట్టింది. గుడ్డ చిరిగి పొడి నేలంతా చిమ్మింది. "లేవండి, కోప్పడండి, లేవండి" అనుకుంటూ కొడుతూనే ఉంది. పక్కింటి తలుపు తెరుచుకుంది. ఈ గది తలుపు మాత్రం తెరుచుకోలేదు.

కర్ర దించి వెళ్లింది. ఈసారి పలకల్ని తప్పించుకోలేదు. అవి కిర్రుమన్నాయి.

ఆయన గోడవైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉన్నాడు. దుప్పటి దాటి ఒక పాదం బయటికి వచ్చింది. ఆమె దాన్ని ముట్టుకుంది. చాలాసేపు పట్టుకునే ఉంది. తర్వాత దుప్పటి లాగి పాదం కప్పింది. బయటికి వచ్చి, అలవాటు కొద్దీ చప్పుడు కాకుండా తలుపు వేసింది.

వాకిట్లో పక్కింటావిడ రొప్పుతూ నిలబడి ఉంది. "ఏంటి వదినా ఆ చప్పుడు? ఏమైంది?"

"చెప్పలేదు" అంది ఆమె. "చెప్పే పోతానన్నారు. చెప్పలేదు."

ఆవిడకు అర్థమై బావురుమంది. ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరూ అంత గొంతెత్తి ఏడవలేదు. ఆమె చటుక్కున వేలు పెదవుల మీద పెట్టుకుని, "ష్, మెల్లగా, లేస్తారు" అంది.

ఆ తర్వాత చాలామంది వచ్చారు. కూతురు వచ్చింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. ఎవరో బెల్లు నొక్కి, మోగకపోయేసరికి తలుపు దబదబా బాదారు. చీకటి పడ్డాక ఒకమ్మాయి మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచింది. చలి పొగ వెనక, లైటు వెలుగులో, పెంకు రాయిలా బిగుసుకుని ఉంది. నున్నటి అంచు మీద ఒక్కచోట మాత్రం బొటనవేలి గుంట, గీతలతో సహా.