వద్దంటున్నాను

ఉన్ని కోట్ల మధ్య ఇరుక్కుని కూర్చోవడం జ్ఞానమ్మకు అలవాటైపోయింది. అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్లోని ఆ చిన్న అపార్ట్‌మెంట్‌లో బట్టల అలమరా ఒక్కటే చప్పుడు లేని చోటు. ఆసుపత్రుల్లో ఇంగ్లీషు రాని తెలుగువాళ్ల మాటల్ని ఫోన్లో ఇంగ్లీషు చేసి చెప్పడం ఆమె ఉద్యోగం. రోగి ‘నాకు నొప్పి’ అంటే తనూ ‘నాకు నొప్పి’ అనే అనాలి. పదకొండేళ్లుగా ఎవరెవరి నొప్పులో తనవిగా చెబుతూ, తన నడుంనొప్పి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ ఉదయం ఐదో ఫోన్ కాన్పుగది నుంచి. రేష్మ అనే అమ్మాయి, తొలికాన్పు. భర్త ఇంకా విమానంలో ఉన్నాడు.

“ఈమెదంతా నాటకం. కింద కత్తెరేసి కోసేద్దాం, తొందరగా తేలిపోతుంది,” అన్నాడు డాక్టరు నర్సుతో. ఆ వెంటనే ఫోన్ వైపు తిరిగి, “అది చెప్పక్కర్లేదు.”

ముప్పై ఏళ్ల కిందట, ఈ దేశంలోనే, కొడుకు నోయెల్ పుడుతున్నప్పుడు ఒక నర్సు జ్ఞానమ్మ తొడ మీద చరిచి ఏదో అంది. “ఓర్చుకోమంటోంది,” అన్నాడు పక్కనున్న భర్త జోసఫ్. ఇంగ్లీషు వంటబట్టాక, ఒకరోజు గిన్నెలు తోముతుండగా ఆ మాటలు చెవిలో మళ్లీ మోగాయి. ఈసారి అర్థమయ్యాయి. అది ఓర్చుకోమనడం కాదు, తిట్టు. జోసఫ్ మంచివాడు. ఆయన పోయి ఆరేళ్లయినా, ఆ ఒక్క మంచితనాన్ని ఆమె క్షమించలేకపోయింది.

“గదిలో విన్నదంతా చెప్పడం నా డ్యూటీ, డాక్టర్,” అని, ఒక్క ముక్క కూడా మెత్తబరచకుండా తెలుగులో చెప్పింది.

రేష్మ రొప్పుతూనే అంది. “నాటకమా? ఆయన్నొచ్చి ఇక్కడ పడుకోమనండి ఆంటీ. నన్ను కొయ్యొద్దు. ఎందుకో ముందు చెప్పమనండి.”

జ్ఞానమ్మ అంతా చెప్పింది, పడుకోమన్నది కూడా. “నేను వద్దంటున్నాను,” అని ఇంగ్లీషులో అన్నప్పుడు ఆ నేను ఎవరో ఆమెకే తెలియలేదు.

ఆసుపత్రి వైపు నుంచి ఫోన్ కట్ చేశారు.

కట్ అయితే తర్వాతి కాల్ తీసుకోవాలి. తిరిగి చేయకూడదు, అది కంపెనీ రూలు. ఆమె తన సొంత ఫోన్ తీసి ఆ ఆసుపత్రికే చేసి, కాన్పుల వార్డు హెడ్ నర్సును పిలిపించింది.

“ఆ గదిలో అమ్మాయి వద్దంటోంది. ఆ మాట చెప్పే మనిషిని లేకుండా చేశారు.”

“లైన్లో ఉండండి,” అంది హెడ్ నర్సు. పరుగెడుతున్న అడుగులు, తలుపు తోసిన చప్పుడు. “కత్తెర కింద పెట్టండి డాక్టర్. ముందు ఆమెకు చెప్పండి.”

డాక్టరుకు చెప్పక తప్పలేదు. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. కొంతసేపు ఆగొచ్చు.

“అయితే ఆగుతాను,” అంది రేష్మ. ఇంగ్లీషులో జ్ఞానమ్మ కూడా ఆగుతానంది.

నలభై నిమిషాలకు, కోత లేకుండానే, ఆడపిల్ల పుట్టింది.

“ఆంటీ, ఉన్నారా?”

“ఉన్నానమ్మా.” రేష్మతో ఆమె అన్న సొంతమాట అదొక్కటే.

సాయంత్రం సూపర్‌వైజర్ మీనా ఫోన్ చేసింది. “ఆంటీ, బయటి ఫోన్ నుంచి కాల్ చేశారని కంప్లైంట్ వచ్చింది. సారీ అని ఒక మెయిల్ పెట్టండి, నేను మాట్లాడి చూస్తా.”

“పెట్టనమ్మా. రేపు ఇంకొకరిని అలా చేసినా ఇదే చేస్తాను.”

“లాగిన్ తీసేస్తారు ఆంటీ, ఉద్యోగం పోతుంది.”

“తీసేయమను.”

ఆరింటికి లాగిన్ పోయింది. జ్ఞానమ్మ నడుం పట్టుకుని లేచి, ఒక కోటు తగిలించుకుని, వెలుతురుండగానే బయట నాలుగడుగులు వేసి రావడానికి వెళ్లింది.

అలమరాలో పీట మీద, ఫోన్లో విన్నవి రాసుకుని రోజు చివర చింపేయాల్సిన కాగితం ఉండిపోయింది. పదకొండూ నలభై రెండు, వద్దు. పదకొండూ నలభై మూడు, వద్దు. పెన్ను ఎంత గట్టిగా ఒత్తిందంటే, ఆ అక్షరాలు వెనకవైపు కూడా వేలికి తగిలేలా ఉన్నాయి.