మొదటి నాబు

పులివెందుల తిరునాళ్లలో చిన్నసుబ్బయ్య మైకును పక్కకు నెట్టి పద్యం అందుకున్నాడు. చివరి వరస దాకా వినిపించింది. పద్యం అయ్యాక, వేదిక పక్కన మైకు పెట్టె ముందు కూర్చున్న లాల్ బాషా వైపు చెయ్యి చూపించాడు.

"గొంతు లేనోళ్లకు పెట్టుకోప్పా ఆ డబ్బా. నాకు అక్కర్లే."

జనం నవ్వారు. ముందు వరసలో ఎవరో "ఓ డబ్బా సాయిబూ" అని పిలిచారు. లాల్ బాషా సామాను బండికెత్తుకుని ప్రొద్దుటూరు చేరేసరికి ఆ పేరు అతనికంటే ముందే చేరింది.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడాది. లాల్ బాషా ప్రొద్దుటూరులో మైకు సెట్టు అద్దెకిచ్చేవాడు. చిన్నసుబ్బయ్యది లింగాల దగ్గర పల్లె. పగలు గొర్రెలు మేపేవాడు. కుళ్లాయప్ప నడిపే నాటక సమాజంలో రాజు వేషం అతనిదే. ఆ వేషం ఇంకొకరు కట్టగా చూసినవాళ్లు లేరు.

మరుసటి ఏడు జమ్మలమడుగులో నాటకం ఒప్పుకున్నారు. మైకు లేకుంటే నాటకమే వద్దని ఊరివాళ్లు చెప్పారు. పెన్న ఇసుకలో జనం దూరంగా కూర్చుంటారు, అందరికీ వినపడాలన్నారు. కుళ్లాయప్ప లాల్ బాషాను పిలిపించాడు. చిన్నసుబ్బయ్యతో, "ఈసారి మైకు నెట్టొద్దు మామా" అని చెప్పాడు.

పెట్టెకు చేత్తో తిప్పే నాబులు రెండు. మైకులో పడిన గొంతును పెట్టె ఎంత తీసుకోవాలో మొదటిది చెబుతుంది. దాన్ని జనం వైపు తిప్పి కట్టిన గొట్టాల్లోకి ఎంత వదలాలో రెండోది చెబుతుంది. మొదటిది ఎక్కువ తిప్పితే మామూలు మాట బాగానే వస్తుంది. గట్టిగా పాడితే గొంతు పెట్టెలోనే పగులుతుంది. అక్కడ పగిలినది రెండో నాబు తగ్గించినా అతకదు. అందుకని ముందుగా పాడేవాడి చేత పై స్థాయి పాడించి, దానికి సరిపడా మొదటి నాబు పెట్టాలి. లాల్ బాషా ఎవరికైనా అట్లాగే పెట్టేవాడు.

మధ్యాహ్నం చిన్నసుబ్బయ్య మైకు ముందుకొచ్చాడు.

"ఎట్ల పాడల్లప్పా?"

"ఊరికే గొణుగు మామా. గొంతు నాటకానికి దాచిపెట్టుకో."

అతను గొణిగాడు. లాల్ బాషా ఆ గొణుగుడు వినపడేదాకా మొదటి నాబు పైకి తిప్పాడు. రెండోది కిందికి దించాడు.

"బాగుందా?" అని అడిగాడు చిన్నసుబ్బయ్య.

"శానా బాగుంది."

ఆ రాత్రి రాజు వేషంలో మొదటి పద్యం మొదటి పాదం బాగానే వచ్చింది. రాగం పైకెత్తగానే గొట్టాల్లోంచి గుడ్డ చింపిన చప్పుడు వచ్చింది. చిన్నసుబ్బయ్య మైకుకు ఇంకా దగ్గరికి జరిగాడు. బయలులో పాడి పెరిగినవాడు. గొంతు సరిగా పోలేదనిపిస్తే ఇంకా గట్టిగా పాడటమొకటే అతనికి తెలుసు. గట్టిగా పాడేకొద్దీ చిరుగు పెరిగింది.

పద్యం ముగిసింది. ఇసుకలోంచి ఒకడు "వన్స్‌మోర్" అన్నాడు.

పద్యం నచ్చితే అనే మాట అది. అంటే మళ్లీ పాడాలి. పాడనన్న నటుడు ఆ సీమలో లేడు. చిన్నసుబ్బయ్య మళ్లీ పాడాడు. ఈసారి జనానికి సంగతి అర్థమైంది.

"మేకను కోస్తాండారేందిరా?"

"సరిగ తెగలేదు. ఇంగోసారి కోయమను."

"వన్స్‌మోర్" అని నాలుగు దిక్కుల నుంచి వచ్చింది. అతను మూడోసారి పాడాడు. నాలుగోసారి నోరు తెరవకముందే నవ్వారు.

తెర దించాక కుళ్లాయప్ప పెట్టె దగ్గరికొచ్చాడు.

"డబ్బా సరిగుందా?"

"సలీమును మాట్లాడమనుప్పా. నీకే తెలుస్తాది."

సలీం పగలు దర్జీ, నాటకంలో మంత్రి. మైకు ముందుకొచ్చి రెండు మాటలు అన్నాడు. మాట శుభ్రంగా వచ్చింది. కుళ్లాయప్ప తల ఊపి తెర వెనక్కి పోయాడు.

ఇంట్లో చిన్నసుబ్బయ్య భార్య గురమ్మ పోట్లాడింది.

"గొర్రెలకాడ నువ్వు పాడతాంటే వింటానే ఉండాగదా. ఏం తక్కువైంది? ఆ డబ్బాకే ఏదో రోగం."

"సలీముకు బాగనే పలికింది గదే. మనిషిని బట్టి రోగమొస్తాదా డబ్బాకు?"

"నాకేం తెలుసు. నీ గొంతు నాకు తెలుసు."

"నోరు మూసుకో" అన్నాడు.

తరువాతి నాటకం ప్రొద్దుటూరులో. దానికి ముందు చిన్నసుబ్బయ్య ఒక్కడే లాల్ బాషా అంగడికి వెళ్లాడు.

"నిజం చెప్పుప్పా. నా గొంతా, నీ పెట్టా?"

"పెట్టెకు నువ్వెవరో నేనెవరో తెలీదు మామా. ఏం పోస్తే అది వస్తాది."

"ఇంగోసారి పాడి చూస్తా. ఈడనే."

లాల్ బాషా మైకు తగిలించి ఒక గొట్టం గోడకు ఆనించాడు. మొదటి నాబు జమ్మలమడుగులో ఎక్కడ ఉందో అక్కడే పెట్టాడు. చిన్నసుబ్బయ్య కింది స్థాయిలో మొదలుపెట్టాడు. బాగా వచ్చింది. లాల్ బాషా వైపు చూసి తల ఊపాడు. పైకెత్తాడు. పగిలింది. పాదం మధ్యలో ఆపేశాడు. చేత్తో గొంతు తడుముకున్నాడు.

"పై స్థాయి పోయిందప్పా."

"వయసు గదా మామా. టీ తాగుతావా?"

ప్రొద్దుటూరులో చిన్నసుబ్బయ్యే తన కిరీటం తీసి సలీం చేతికిచ్చాడు. మధ్యాహ్నం సలీం మైకు ముందు నిలబడి గొణగబోయాడు.

"గొణగొద్దు" అన్నాడు లాల్ బాషా. "పై స్థాయి అందుకో. గట్టిగా. ఒక అడుగు ఎనక్కు నిలబడు."

సలీం పాడాడు. లాల్ బాషా మొదటి నాబు సగానికి దించి, రెండోది పెంచాడు. చిన్నసుబ్బయ్య పందిట్లో కూర్చుని ఇదంతా విన్నాడు. పక్కనున్నవాడితో, "చూడు, ఎంత శ్రద్ధగా చేస్తాండాడో" అన్నాడు.

నాటకంలో సలీం పద్యం చివరి వరస దాకా వెళ్లింది. మొదట వన్స్‌మోర్ అన్నది చిన్నసుబ్బయ్య.

జనం లేచాక అతను పెట్టె దగ్గరికొచ్చాడు.

"బాగ పలికిచ్చినావప్పా. ఆ పొద్దు పులివెందులలో ఒక మాటన్నా. మనసులో పెట్టుకోవద్దు."

"యాడి మాట మామా. నాకు గుర్తే లేదు."

లాల్ బాషా నాబులు రెండూ కిందికి తిప్పి పెట్టె మూత వేశాడు. వేదిక మీద పడి ఉన్న వైరు చూపించాడు.

"ఊరికే నిలబడినావు గదా. ఆ కొస పట్టుకుని చుట్టుకుంటా రా."

చిన్నసుబ్బయ్య వంగి వైరు కొస అందుకున్నాడు.