కప్పులో నీలం చెక్క

ఇంటి గడ్డికప్పు మొత్తం పీకేద్దామని టార్క్విల్ అన్నప్పటినుంచీ లాఖ్లన్ మావయ్య ముభావంగా ఉన్నాడు.

"పాతదాని మీదే కొత్త రెల్లు పరిచెయ్యి. మా తాతల నుంచీ అంతే," అన్నాడు నిచ్చెన కింద నిలబడి.

"టోపీ మీద టోపీ ఎన్నని పెడతావు పెద్దాయనా?" అన్నాడు కప్పు నేసే టార్క్విల్ పైనుంచి. "కింద వాసాలు గట్టిగా ఉన్నాయో, అలవాటుకొద్దీ నిలబడ్డాయో చూడొద్దూ?"

ఇల్లు ఆయన మేనకోడలు మార్సలీది. దీవిలో గడ్డి కప్పు మిగిలిన రెండిళ్లలో ఇదొకటి. చలిగాలులు మొదలయ్యేలోగా పని తేలాలి. పీకమంది. మావయ్య వెళ్లి గోడ మీద కూర్చున్నాడు.

గాలికి కప్పు లేవకుండా తాళ్లకు కట్టిన రాళ్లు విప్పి పైపొర తీశారు. దాని కింద ఇంకో పొర, ఆ కింద మసి పట్టి నల్లబడ్డ గడ్డి. వాకిలంతా అమ్మ వంటింటి పొగవాసన కమ్ముకుంది.

"ఇదేంటిది, ఈ వాసానికి రంగేసుంది," అంటూ టార్క్విల్ ఒకదాన్ని కిందికి దించాడు.

అది పడవ చెక్క. మార్సలీ నడుముకు కట్టుకున్న గుడ్డతో మసి తుడిచింది. నీలం బయటపడింది. చిన్న చేప బొమ్మ చెక్కిన చోటు కంటికంటే ముందు బొటనవేలికి తగిలింది. ఆ చేపను తన కోసం నాన్నే వాళ్ల పడవ మీద చెక్కాడు.

నాన్న రూరీ పడవేసుకుని ఐర్లండ్ పోయి ఇంకో సంసారం పెట్టాడని ఊరంతా అనుకునేది. ఆయన ఎప్పటికైనా వస్తాడని అమ్మ బతికినంతకాలం తలుపుకు గొళ్లెం వేయలేదు. మార్సలీ మాత్రం ఆయన ఆదివారం చర్చికి వేసుకునే కోటు తీసుకెళ్లి చేలో దిష్టిబొమ్మకు తొడిగింది.

"మావయ్యా, ఇదెక్కడిది?"

"పడమటి ఒడ్డున ఇసుకలో దొరికింది. ముందురోజే మీ అమ్మ నాతో అంది, ఎవత్తెతోనైనా పోయుంటే బాగుండు, బతికైనా ఉంటాడని. ఆ మాట విన్నాక ఇది పట్టుకుని గుమ్మంలోకెలా రాను?"

"కాల్చేస్తే పోయేదిగా?"

"చెట్టన్నది లేని ఊళ్లో చెక్కనెవరు కాలుస్తారే? పైగా బావది. అప్పుడే మీ వాసం విరిగింది. రంగు కనపడకుండా పైకి తిప్పి, ఆయన చెక్క ఆయనింటికే వేశాను."

"అమ్మ పోయాకైనా చెప్పొచ్చుగా?"

"నువ్వు ఆయన పేరెత్తితే లేచెళ్లిపోయేదానివి."

మార్సలీ చేప బొమ్మ మీద మళ్లీ వేలు పెట్టింది. ఇన్నేళ్ల కోపాన్ని ఎక్కడ దించుకోవాలి? మునిగిపోయిన మనిషినా తాను తిట్టుకున్నది?

"అయితే నాన్న పోయినట్టేనా?"

"చెక్కే దొరికింది తల్లీ. మనిషి దొరకలేదు."

టార్క్విల్ చెక్క కొసను గోటితో గిల్లి చూశాడు. "ఒక కొస పుచ్చింది. పక్కన ఇంకో కర్ర జోడు కట్టి నిలబెట్టొచ్చు. లేదంటే కొత్తది వేస్తా."

"ఇదే ఉంచు."

"రంగు పైకా, కిందికా?"

"కిందికి. పడుకుంటే కనపడాలి." అతను నిచ్చెనెక్కబోతుంటే ఆపింది. "వద్దు, పైకి." అతను చెక్కను తిప్పాడు. "కాదు, కిందికే."

సాయంత్రం గాలి లేచింది. ఇంటి మీద వాసాల నడుమ ఆకాశం తప్ప ఏమీ లేదు. మార్సలీ తలుపు మూసి గొళ్లెం వేసింది. కాసేపటికి తీసింది. మళ్లీ వేసింది.

"కప్పు లేని కొంపకు గొళ్లెమెందుకే?" అన్నాడు వెనకనుంచి మావయ్య.

"తెలీదు మావయ్యా," అంది మార్సలీ. చెయ్యి గొళ్లెం మీదే ఉంది.