జైతు కాగితం

నర్సు స్పందన సూది తీయగానే ఏత్మాబాయి మనవరాలిని వెనక్కి లాక్కుంది.

"మా రక్తం మీకెందుకు?"

ఖానాపూర్ అడవి అంచున ఉన్న ఆ గోండు గూడేనికి స్పందన కొత్త. మెట్‌పల్లి పిల్ల. తల్లిదండ్రుల నుంచి రక్తంలో వచ్చే సికిల్‌సెల్ జబ్బు ఎవరికుందో చూడడానికి ఇంటింటికీ తిరుగుతోంది.

"మైనకు కీళ్లు నొస్తున్నయంటివి గద అవ్వా. జరంత రక్తం చాలు."

"నాలుగేండ్ల కింద గూడ గట్లనే అన్నరు. పెద్దోళ్లందరి చేతులు పొడిచి పోయిండ్రు. మళ్ల ఒక్కలు రాలే. నా కొడుకు జైతు ఏమాయె?"

జైతు మైన తండ్రి. ఒళ్లంతా విరిచేసినట్టు నొప్పులొచ్చేవి. మంచం మీద వాగు దాటించి తీసుకుపోతే, పట్నం దవాఖానలో డాక్టరు నాడి పట్టకుండానే "తాగొచ్చిండు" అన్నాడు. సూది వేసి పంపేశాడు. జైతు మందు ముట్టని మనిషి. మూడోసారి మోసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. రక్తం తీసినవాళ్లు దాన్ని అమ్ముకున్నారని గూడెంలో అనుకునేవారు. ఏత్మాబాయీ అదే నమ్మింది.

"అప్పుడు మా రక్తం చూసి ఏం రాసిండ్రో గా కాగితం తే. అప్పుడు ముట్టు ఈ పిల్లను."

స్పందన వెళ్లిపోయింది. ఇక రాదులే అనుకుంది ఏత్మాబాయి. నాలుగోరోజు వచ్చింది. సంచిలోంచి మడతలు పడిన జాబితా తీసింది కానీ, తలెత్తి చూడలేదు.

"ఏం దాస్తున్నవ్?"

"దవాఖాన బీరువల దొరికింది అవ్వా. జైతుకు జబ్బున్నదనే రాసున్నది. చెప్పనీకి ఎవ్వరు రాలే."

"మందులిస్తె బతుకుతుండెనా?"

"బతికేటోడేమో."

ఏత్మాబాయి ఆ జాబితా లాక్కుని చూసింది. అమ్ముకోలేదు. చూశారు, రాశారు, మూలన పడేశారు. అమ్ముకున్నారనుకున్నప్పటి కంటే ఇప్పుడే ఎక్కువ కడుపు మండింది.

గూడేన్నంతా పిలిపించి, జాబితా స్పందన చేతికే ఇచ్చింది. "ఎవరెవరి పేర్లున్నయో అందరి ముందట చదువు."

జబ్బున్నవాళ్లవి పదకొండు పేర్లు. అందులో జైతుతో కలిపి ముగ్గురు అప్పటికే లేరు.

ఆ తర్వాతే ఏత్మాబాయి మైనను చేయి చాపనిచ్చింది. సీసా మీద పేరు రాసేదాకా కళ్లార్పలేదు. "వారంల నువ్వు రాకపోతే మేమే వస్తం, అందరం."

స్పందన ఆరోరోజే వచ్చింది. మైనకూ ఆ జబ్బే. మరుసటి వారం మైనతో పాటు జాబితాలో మిగిలిన ఎనిమిదిమందీ కరీంనగర్ బస్సెక్కారు. అక్కడి డాక్టరు ఒక్కొక్కరినీ పరీక్షించి మాత్రలు రాశాడు. ఏత్మాబాయి ఆ చీటీని ముగ్గురితో చదివించుకుంది. ముగ్గురూ ఒక్కటే మాట చెప్పాక మైన నోట్లో మొదటి మాత్ర వేసి, మింగిందో లేదో నోరు తెరిపించి మరీ చూసింది.